పత్తా, సోయానా? పెన్‌గంగ ఒడ్డున ఒక రైతు లెక్క

మే నెల వచ్చిందంటే నదికి అటు ఆదిలాబాద్ వైపు చుట్టాలది, ఇటు మహారాష్ట్రలో మా యవత్మాల్ జిల్లా పాటన్‌బోరి, పాండర్‌కవడ వైపు ఇరుగుపొరుగుది ఒకటే ప్రశ్న: ఈసారి పత్తి వేయాలా, సోయా వేయాలా? నాకున్న ఆరెకరాల్లో ఈ ఏడు నాలుగు పత్తికి, రెండు సోయాకు అనుకున్నాను.

సోయాను తక్కువ చేయను. నూరు, నూటపది రోజుల్లో చేను ఖాళీ అవుతుంది, దీపావళికి చేతిలో డబ్బు ఉంటుంది. బావిలో నీళ్లున్నవారు ఆ వెంటనే శనగ చల్లుకుంటారు. నూర్పిడికి యంత్రం ఉంది. విత్తనం ఇంట్లోనే దాచుకోవచ్చు. బీటీ పత్తి గింజలైతే ఏటా కొనాల్సిందే. 2002లో దానికి అనుమతి వచ్చాక, పత్తి గింజ దాచుకోవడమన్న మాటే మా ఇళ్లలో వినిపించడం లేదు. ఇక ఏరడం ఉంది చూశారూ! కిలోకు పది రూపాయలు ఇస్తానన్నా, నిరుడు కూలీల కోసం మూడు ఊళ్లు తిరిగాను.

మద్దతు ధర చూసి తేల్చుకుందామంటారు కొందరు. 2025–26కు మధ్యస్థ పింజ పత్తికి క్వింటాలు 7,710, సోయాకు 5,328 రూపాయలు. అంకెలు బాగానే ఉన్నాయి. కానీ పత్తిలో తేమ పన్నెండు శాతం దాటితే సీసీఐ (భారత పత్తి సంస్థ) కేంద్రం తీసుకోదు. సోయాకూ తేమ మెలిక ఉంది. కాబట్టి ధర దగ్గర నాకు ఏ పంటా గెలిచినట్టు కనిపించదు.

నా మటుకు తేల్చేది వాన. సోయా పూతంతా కొద్ది వారాల్లోనే ముగుస్తుంది. ఆ సమయంలో ఆగస్టు వాన మొహం చాటేస్తే కాయ పట్టదు, తర్వాత ఎంత కురిసినా ఆ పూత తిరిగి రాదు. పత్తి అలా కాదు. తల్లివేరు లోతుకు దిగుతుంది, పూత రెండు నెలలకు పైగా సాగుతుంది. మొదటి గూడ (పూమొగ్గ) రాలిపోయినా వాన పడితే మళ్లీ పూస్తుంది. మూడేళ్ల కిందట అక్టోబరులో మా సోయా కోసి కుప్పలు వేశాక వారం రోజులు ముసురు పట్టింది. కుప్పలోనే గింజ మొలకెత్తింది. పక్క చేలో పత్తి కూడా తడిసి రంగు మారింది, ధర కొంత తగ్గింది, అంతే. ఆ ఏడు ఇల్లు గడిచింది పత్తితోనే.

తేమను పట్టి ఉంచే ఈ నల్లరేగడిని చూసే గదా, మా వర్హాడ్ (బేరార్) ప్రాంతం మీద అందరి కన్నూ పడింది! 1853లో నిజాం నుంచి దాన్ని తమ అధీనంలోకి తీసుకున్న ఇంగ్లిషువారికి, 1861–65లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి దూది ఆగిపోయాక, దాని విలువ బాగా తెలిసింది. యవత్మాల్ నుంచి ముర్తిజాపూర్‌కు చిన్న రైలు వేసింది కూడా పత్తి మోయడానికే. జంషెడ్జీ టాటా 1877లో నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు తెరిచాడంటే, పత్తి దగ్గర్లో పండుతుందనే. 1972 నుంచి చాలా ఏళ్లు మహారాష్ట్రలో పత్తిని ప్రభుత్వానికే అమ్మాలన్న పద్ధతి ఉండేది. అవతలి ఒడ్డున ధర ఎక్కువ పలికిన ఏడు బండ్లు రాత్రిపూట నది దాటేవని మా పెద్దలు నవ్వుతూ చెప్పేవారు.

ఇంకో సంగతి. సోయా డబ్బులో కొంత నూర్పిడి యంత్రం వాడితో వెళ్లిపోతుంది. పత్తి డబ్బు ఊళ్లోనే చేతులు మారుతుంది: ఏరే ఆడవాళ్లకు కూలి, జిన్నింగ్ మిల్లులో హమాలీ పని, పశువులకు పత్తిగింజల చెక్క, పొయ్యిలోకి కట్టె. నన్ను ఏడిపించే ఆ ఏరుడు ఖర్చే ఇంకో ఇంట్లో సంక్రాంతి సరుకు.

గులాబీ రంగు పురుగు మాట మరిచిపోలేదు. ఇంకో తీత వస్తుందన్న ఆశతో మోళ్లను ఫిబ్రవరి దాకా ఉంచితే దాన్ని మనమే పెంచినట్టు. డిసెంబరు దాటితే పీకేస్తున్నాను. మందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోకపోతే ఒప్పుకోను. 2017లో మా జిల్లాలో ఆ మందులకు ఎందరు బలయ్యారో చూశాం.

జొన్న తిండికి, కంది పత్తి సాళ్ల మధ్యకు. వాటి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు.

మరి ఆ రెండెకరాల్లో సోయా ఎందుకంటే, అది మిట్ట భూమి, మట్టి జానెడు లోతు కూడా లేదు. నవంబరులో కాయ నిండే వేళకు అక్కడ తడి ఉండదు, పత్తి ఎండిపోతుంది. నిన్ననే ఇంటి విత్తనంలో నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టాను. డెబ్బైకి తక్కువ మొలిస్తే ఆ మిట్టకూ కందే.