మన మీద వారెంట్ ఉందో లేదో చూసుకోవడానికి ఏది మేలు: ఈ-కోర్ట్సా, స్టేషనా, వకీలా?

ఈ మధ్య ఎవరు ఫోన్ చేసినా ఇదే ప్రశ్న: "సార్, నా మీద అరెస్ట్ వారెంట్ ఉందంటున్నారు. నిజమో కాదో ఎక్కడ చూసుకోవాలి?" కొందరికి ఆ మాట వీడియో కాల్‌లో, వెనకాల పోలీసు బోర్డు పెట్టుకున్నవాడు చెప్పి ఉంటాడు. అది మోసం. వీడియో కాల్‌లో అరెస్టు చేయడమనేది మన చట్టంలో లేదు. ఫోన్ పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. మిగిలినవాళ్ల సంగతి వేరు. ఎప్పుడో ఇచ్చిన చెక్కు బౌన్స్ అయ్యుంటుంది, లేదా ఊళ్లో గొడవ కేసులో పేరుండి వాయిదాలకి వెళ్లడం మానేసి ఉంటారు. వాళ్ల కోసమే ఇది.

అమెరికాలో చాలా కౌంటీల్లో షెరిఫ్ ఆఫీసు సైట్‌లో పేరు కొడితే వారెంట్ ఉందో లేదో తెలుస్తుంది. అక్కడున్న మనవాళ్లు ఇక్కడా అలాంటిదేదో ఉంటుందని వెతికి విసుగెత్తిపోతారు. మన దగ్గర జనం చూసుకోగలిగే వారెంట్ల జాబితా లేదు. కేసుని వెతికి పట్టుకుని, అందులో వారెంట్ ఉందేమో చూసుకోవాలి.

నా ఓటు కోర్టు కేసుల వివరాలు చూపించే ప్రభుత్వ సైటు ఈ-కోర్ట్స్‌కే. సైటు గానీ యాప్ గానీ, డబ్బు అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని పార్టీ పేరుతోనో, ఎఫ్‌ఐఆర్ నంబరుతోనో వెతకొచ్చు. ప్రతి కేసుకీ విడిగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే సీఎన్ఆర్ నంబరు తెలిసి ఉంటే నేరుగా కేసే తెరుచుకుంటుంది.

చిక్కు పేరు దగ్గరే వస్తుంది. ఒక్కో కాంప్లెక్స్‌లో విడివిడిగా వెతకాలి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు నాంపల్లి ఒక్కటే చూసి ఊరుకుంటే కూకట్‌పల్లి, ఎల్‌బీ నగర్ మిగిలిపోతాయి. పైగా మన పేర్లకి ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్కటి కాదు. లక్ష్మికి 'కె ఎస్ హెచ్' వేసేవాళ్లున్నారు, 'ఎక్స్' వేసేవాళ్లున్నారు. ఇంటిపేరు ముందో వెనకో, ఇనీషియల్ తర్వాత చుక్క ఉందో లేదో ఫైలింగ్‌లో టైపు చేసినవారి ఇష్టం. అందుకే పూర్తి పేరు కొట్టకుండా, పేరులో స్పెల్లింగ్ మారని ముక్క మూడు నాలుగు అక్షరాలు కొట్టి చూడండి.

కేసు దొరికాక అసలు పని మొదలవుతుంది. చాలామంది పైన ఉన్న 'స్టేజ్' చూసి, అక్కడ ఎన్‌బీడబ్ల్యూ అనే మూడక్షరాలు కనపడగానే టెన్షన్ పడిపోతారు. లేకపోతే హమ్మయ్య అనుకుంటారు. రెండూ తప్పే కావచ్చు. కేసులో అయిదుగురు ముద్దాయిలుంటే ఆ నాన్ బెయిలబుల్ వారెంట్ ఏ3 మీద అయ్యుండొచ్చు, మీరు ఏ1. లేదా వారెంట్ రీకాల్ అయిపోయినా (అంటే కోర్టే రద్దు చేసినా) స్టేజ్ మార్చి ఉండకపోవచ్చు. కిందికి వెళ్లి కేస్ హిస్టరీలో చివరి రెండు మూడు వాయిదాల తేదీలు నొక్కండి. ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో ఒకటి రెండు లైన్లలో ఉంటుంది: ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరి మీద వారెంట్ ఇష్యూ చేశారు. నా దృష్టిలో తేల్చేది ఆ లైన్లే. ఇంకొకటి, మీరు ఏళ్ల తరబడి రాకపోతే మీ వరకు కేసు విడగొట్టి వేరే నంబరు ఇస్తారు. పాత నంబరు కింద 'డిస్పోజ్డ్' అని కనపడగానే కేసు పోయిందనుకోకండి.

వారెంట్ మురిగిపోయి ఉంటుందిలే అనుకోవడానికీ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 72వ సెక్షన్ ప్రకారం (పాత సీఆర్‌పీసీలో 70) అది అమలయ్యేదాకా, లేదా ఇచ్చిన కోర్టు రద్దు చేసేదాకా బతికే ఉంటుంది.

పోలీస్ స్టేషన్‌కి వెళ్లి అడగడం? బెయిలబుల్ అయితే జామీను తీసుకుని పంపేస్తారు. ఎన్‌బీడబ్ల్యూ అయితే మాత్రం కొరివితో తల గోక్కున్నట్టే, అడగడానికి వెళ్లినవాణ్ని అక్కడే కూర్చోబెడతారు. కోర్టు కానిస్టేబుల్ తెలిసినవాడైతే ఒక మాట చెబుతాడు, కానీ ఆయన దగ్గర ఉండేది కోర్టు నుంచి వచ్చిన కాగితం మాత్రమే. నిన్న కోర్టులో ఏం మారిందో ఆయనకి వారం తర్వాత తెలుస్తుంది. ఎఫ్‌ఐఆర్ డౌన్‌లోడ్‌లు కూడా ఇక్కడ అంతగా పనికిరావు. చెక్ బౌన్స్ కేసు ప్రైవేట్ కంప్లయింట్‌గా నేరుగా కోర్టులో పడుతుంది, దానికి ఎఫ్‌ఐఆరే ఉండదు.

ఆర్‌టీఐ అంటే మామూలుగా 30 రోజుల గడువు. వారెంట్ అన్నాళ్లు ఆగదు. డబ్బు తీసుకుని 'రికార్డ్ చెక్' చేసిపెట్టే సైట్ల గురించి చెప్పడానికేం లేదు, ఉచితంగా కనపడే వివరాలకి డబ్బు కట్టకండి.

వకీలు ఎప్పుడంటే, సైట్‌లో ఆర్డరు ఎక్కకపోయినా, పేరు దొరక్కపోయినా, అనుమానం తీరకపోయినా. వకీలు గానీ గుమస్తా గానీ కోర్టులో బెంచ్ క్లర్క్ దగ్గర కేసు కట్ట తీయించి, వాయిదా వాయిదాకీ ఆర్డర్లు రాసే డాకెట్ చూస్తారు. ఖర్చవుతుంది, కానీ వారెంట్ ఉందని తేలితే రీకాల్ పిటిషన్ వేయాల్సిందీ వాళ్లే కాబట్టి ఆ తిరుగుడు వృథా కాదు. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద విదేశాల్లో ఉన్నవాళ్లు దీన్ని అసలు వాయిదా వేయకూడదు. వారెంట్ సంగతి పాస్‌పోర్ట్ ఆఫీసు దృష్టికి వస్తే పాస్‌పోర్ట్ స్వాధీనం చేసుకునే అధికారం 1967 నాటి పాస్‌పోర్ట్ చట్టంలోనే, సెక్షన్ 10(3)(హెచ్)లో ఉంది.

రీకాల్ అయ్యాక ఒక పని చాలామంది మర్చిపోతారు. మా దగ్గరికొచ్చిన ఒకాయనకి సోమవారం రీకాల్ అయింది, శనివారం రాత్రి ఇంటికి పోలీసులొచ్చారు. స్టేషన్‌కి ఆ కబురు చేరలేదు. ఆర్డరు కాపీ జేబులో ఉంది కాబట్టి చూపించి గండం గట్టెక్కాడు. కాపీ రెండు తీసుకోండి. ఒకటి స్టేషన్‌లో ఇచ్చి, ముట్టినట్టు రెండో దాని మీద సంతకం, స్టాంపు వేయించుకోండి.