విశ్వాసం, ఉద్యోగం మీద 8 వారాల ఆన్‌లైన్ కోర్స్: మూడున్నర స్టార్లు ఎందుకంటే

ముందే చెప్తున్నా, నేను అకౌంట్స్ మనిషిని. బిల్లులు సరిచూడడం, పేమెంట్లు పంపడం, నెలాఖరుకి లెక్క కలవకపోతే ఆ తేడా ఎక్కడుందో రాత్రి దాకా కూర్చుని వెతకడం, ఇదే నా పని. ఇరవై ఏళ్లుగా ఆదివారం చర్చిలో ఒక మనిషిని, సోమవారం ఆఫీసు కుర్చీలో ఇంకో మనిషిని అన్నట్టే బతికాను. పెద్ద పాపాలేం చేయలేదు గానీ ఆ ఇద్దరికీ ఏదో సంబంధం ఉండాలని ఎప్పుడూ తట్టలేదు. దేవుని సేవ అంటే పాస్టర్ గారు చేసేది, మిషనరీలు చేసేది, మహా అయితే క్వైర్‌లో పాడేవాళ్లు చేసేది. మన వంతు వాళ్లకి కానుక ఇవ్వడానికి సంపాదించడం. అలాంటి నేను, ఒక చర్చి వాళ్లు రోజువారీ పనిలో విశ్వాసం గురించి కోర్స్ పెడుతున్నారని తెలిసి చేరాను. వాళ్ల పేరు రాయను. కింద కొన్ని తిట్లున్నాయి, మనుషులు మాత్రం మంచివాళ్లు.

వారానికొక సాయంత్రం గంటన్నర, వీడియో కాల్‌లో 11 మందిమి, 60 పేజీల వర్క్‌బుక్. మొదటి వారం నిన్నటి రోజుని గంటగంటకీ రాసుకు రమ్మన్నారు. వారంలో 168 గంటలుంటే చర్చిలో గడిపేది ఏ రెండో మూడో, మిగతా వాటితో దేవుడికి పనిలేదనుకుంటున్నామా అని అడిగారు. ఇది చాలాసార్లు విన్న మాటే. కానీ నా చేత్తో నేను రాసుకున్న కాగితం చూస్తే, అందులో ఫైళ్లు, ఫోన్లు, ట్రాఫిక్, నిద్ర తప్ప ఏమీ లేకపోతే, కొంచెం సిగ్గేసింది.

రెండో వారం ఆదికాండం. పని శాపం అని నేను నిజంగానే అనుకునేవాణ్ణి, నెలాఖరులో ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ తోటని సేద్యం చేయమని, కాపాడమని దేవుడు ఆదామును అందులో ఉంచింది రెండో అధ్యాయంలో, పండు తినడం, చెమట, ముళ్ల తుప్పలు వచ్చింది మూడో అధ్యాయంలో. అంటే పని ముందు, శాపం తర్వాత. ఇంకో సంగతి నాకు బాగా పట్టింది. ఆ సేద్యం చేయడం అనే చోట వాడిన హీబ్రూ మూలపదమే, తర్వాత లేవీయులు (దేవుని సేవకి కేటాయించిన గోత్రం వాళ్లు) ప్రత్యక్ష గుడారంలో, అంటే ఇశ్రాయేలీయుల ఆరాధన డేరాలో, చేసే సేవకి కూడా వాడతారట. మట్టి తవ్వడానికీ గుడారంలో సేవకీ ఒకటే మాట. ఇన్నేళ్లు బైబిల్ చదివి ఇది నాకెవరూ చెప్పలేదేంటి అనిపించింది.

మూడో వారం ఈ కోర్స్‌కే ప్రాణం, స్టార్లలో రెండు దానివే. జర్మనీ మత సంస్కర్త మార్టిన్ లూథర్ గురించి. ఆయన కాలంలో పిలుపు అంటే మఠంలో చేరేవాళ్లకి, చర్చి గురువులకి వచ్చేది, మిగతా జనం రెండో తరగతి. 1520లో ఆయన జర్మన్ ప్రభువులకి రాస్తూ, బాప్తిస్మం పొందిన వాళ్లందరూ యాజకులే, తేడా ఉన్నది చేసే పనిలోనే, స్థాయిలో కాదు అన్నాడు. జర్మన్‌లో ఇవాళ వృత్తికి వాడే బెరూఫ్ అనే మాటలోనే పిలుపు అన్న అర్థం దాగుంది, ఆ మాటని మామూలు పనులకి అంటించడంలో ఆయనది పెద్ద చెయ్యి. ఆయన ఆలోచన విడమరిస్తే ఇలా ఉంటుంది: మన మంచిపనులు దేవుడికి అక్కర్లేదు, పొరుగువాడికి కావాలి. దేవుడు మనిషికి ఆకలి తీర్చాలనుకుంటే రైతు వెనక, రొట్టె కాల్చేవాడి వెనక దాక్కుని తీరుస్తాడు, వాళ్లు ఆయన వేసుకున్న ముసుగులు. ఇది విని ఊరుకోకుండా ఒక పని అప్పగించారు. రోజూ రాత్రి పడుకునే ముందు, ఇవాళ నా పని ఎవరి దాకా చేరింది అని ఒక్క మనిషిని గుర్తు చేసుకుని ఒక లైను రాయాలి.

మొదటి మూడు రోజులు నాకెవరూ దొరకలేదు. నా పని ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కి పోతుంది, అంతే కదా. నాలుగో రోజు గుర్తొచ్చింది, పొద్దున పక్కన పెట్టేసిన ఒక చిన్న బిల్లు మళ్లీ తీసి సాయంత్రానికి పంపించాను, అది మా ఆఫీసులో కుర్చీలు బాగుచేసి వెళ్లిన ఒకాయనది. పెద్ద కంపెనీల బిల్లులు గడువు లోపే వెళ్తాయి, ఇలాంటి చిన్నవాళ్లవి ఆగుతాయి, ఎందుకంటే వాళ్లు ఫోన్ చేసి అరవరు. నేను ఒక వారం ఆపితే ఆయన ఇంట్లో ఏం జరుగుతుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు. కోర్స్ అయిపోయింది గానీ ఆ ఒక్క లైను రాయడం మానలేదు, చిన్న బిల్లులు ముందు తీసే అలవాటు కూడా.

నాలుగో వారం బ్రదర్ లారెన్స్. 17వ శతాబ్దంలో పారిస్‌లో ఒక కార్మెలైట్ మఠం వంటగదిలో పనిచేసినాయన, 1691లో చనిపోయాడు, గిన్నెల మధ్య కూడా ప్రార్థనలో ఉన్నట్టే ఉండడం నేర్చుకున్నాడని ప్రసిద్ధి. మా లీడర్ బ్రదర్ దీన్ని ఎంత తియ్యగా చెప్పారంటే, ఆయన వంటగదిలో పాటలు పాడుకుంటూ తిరిగినట్టుంది. అసలు సంగతి చెప్పలేదు. ఆయనకి వంటపని అంటే సహజంగా ఇష్టం లేదు, యుద్ధంలో గాయపడి కుంటేవాడు కూడా. ఇష్టం లేని పనిలో ఏళ్లకేళ్లు నిలబడి నేర్చుకున్న మనిషి అని చెప్తేనే మాలాంటివాళ్లకి పనికొస్తుంది, వంట ఇష్టమైనవాడికి వంటగదిలో దేవుడు కనిపించడంలో గొప్పేముంది. అదే క్లాసులో బెనెడిక్ట్ నియమావళి (మఠాల్లో ఎలా బతకాలో చెప్పే పాత పుస్తకం) నుంచి ఒక సంగతి చెప్పారు, మఠం సామాన్లు చూసుకునే అతను అక్కడి పాత్రలన్నిటినీ బలిపీఠం మీది పాత్రల్లా చూసుకోవాలని 31వ అధ్యాయంలో ఉందట. అది విన్నాక ఆఫీసు ప్రింటర్‌ని కొట్టడం తగ్గించాను. పూర్తిగా మానలేదు.

ఐదో వారం రోజు చివర ఆ రోజుని వెనక్కి చూసుకునే జెస్యూట్ సంఘాన్ని పెట్టిన ఇగ్నేషియస్ పద్ధతి, బాగానే ఉంది.

ఆరో వారం మాత్రం వదిలేసినా నష్టం లేదు. ఆఫీసులో సువార్త ఎలా చెప్పాలి అని. టేబుల్ మీద వాక్యం పెట్టండి, టీమ్ మీటింగ్ మొదట్లో చిన్న ప్రార్థన అడగండి, ఇలాంటివి. నా కింద నలుగురు పనిచేస్తారు. నేను ప్రార్థన చేద్దామా అంటే వాళ్లలో ఎవరు వద్దంటారు? వద్దని చెప్పలేని మనిషికి చెప్పే సువార్త ఏం సువార్త. పౌలు థెస్సలొనీకలో వాళ్లకి రాసినప్పుడు నెమ్మదిగా ఉండండి, మీ పని మీరు చూసుకోండి, మీ చేతులతో పనిచేయండి, బయటివాళ్ల దగ్గర మర్యాదగా నడుచుకోండి అన్నాడు. ఆయనా డేరాలు కుట్టి బతికిన మనిషే. ఆ వారం ఆ మాట ఎత్తి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు అసలు గొడవ, ఏడో వారం, నిజాయితీ గురించి. లీడర్ బ్రదర్ బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్ కథ చెప్పారు. 1785లో మనసు మారాక రాజకీయాలు వదిలేద్దామనుకుంటే, ఒకప్పుడు బానిసల ఓడకి కెప్టెన్‌గా చేసి తర్వాత పాదిరి అయిన జాన్ న్యూటన్, ఉన్నచోటే ఉండు అని సలహా ఇచ్చాడు. ఉన్నాడు, 1807లో బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించేదాకా పార్లమెంటులో పోరాడాడు. మంచి కథే. కానీ మనం ఎవరం విల్బర్‌ఫోర్స్‌లం కాదు కదా, నేను చెయ్యెత్తి నా కథ చెప్పాను. సంవత్సరాంతం లెక్కలు మూసేటప్పుడు పైనుంచి ఒకాయన, ఈ బిల్లు తేదీ ఒక నెల వెనక్కి వెయ్యండి, ఏం కాదు, అందరూ చేసేదే అన్నారు. నేను సంతకం పెట్టలేనన్నాను. ఆయన కోప్పడలేదు, పక్క సీటు అబ్బాయి చేత పెట్టించారు. అప్పట్నుంచి కొన్ని మెయిల్స్ నాకు రావడం లేదు. నా ప్రశ్న సూటిగా ఇదీ: ఇలాంటి చోట ఉండాలా, వదిలేయాలా? నేను తప్పుకుంటే ఆ తప్పు ఇంకా చిన్నవాడి నెత్తిన పడింది, అది నా ఖాతాలో రాయాలా వద్దా?

జవాబు: "మంచి ప్రశ్న బ్రదర్, దాని కోసం ప్రార్థన చేద్దాం." ప్రార్థన చేశారు. టైమ్ అయిపోయింది.

ప్రార్థన వద్దనడం లేదు. కానీ లూకా సువార్త ఒక్కటి తెరిచినా గంటసేపు మాట్లాడుకునే సరుకుంది, ఆ వారమంతా నేనే చదువుకున్నాను. మూడో అధ్యాయంలో సుంకరులు, అంటే పన్నులు వసూలు చేసేవాళ్లు, బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికొచ్చి మేమేం చేయాలి అని అడిగితే, ఆయన ఉద్యోగం మానేయమనలేదు, మీకు నిర్ణయించిన దానికంటే ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. సైనికుల్ని ఎవరి మీదా దౌర్జన్యం చేయొద్దు, అబద్ధపు నేరాలు మోపొద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఐదో అధ్యాయంలో లేవీ అనే సుంకరి, యేసు పిలవగానే మొత్తం వదిలేసి లేచి వెళ్లిపోయాడు. పంతొమ్మిదో అధ్యాయంలో జక్కయ్య అనే ఇంకో సుంకరి, ఆస్తిలో సగం బీదలకి ఇస్తాను, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తాను అన్నాడు, ఉద్యోగం వదిలేశాడని మాత్రం అక్కడ రాసి లేదు. ఒకే వృత్తి, ఒకే సువార్త, మూడు రకాల జవాబులు. ఉండి సరిగ్గా చెయ్యి, వదిలెయ్యి, ఉంటే ఉండు గానీ వెనక్కి కట్టు. నాకు తోచింది చెప్పాలంటే, నా జవాబు జక్కయ్య వైపు ఉంది. ఆ అబ్బాయి దగ్గరికెళ్లి, ఈసారి అలా అడిగితే ఇద్దరం కలిసి వద్దందాం, నీ ఒక్కడి మీదకి రానివ్వను అని చెప్పాను. వాడు నవ్వి టీకి పిలిచాడు, ఒప్పుకున్నట్టో కాదో నాకింకా తెలీదు.

ఇంకో కోపం కూడా ఉంది. కొలొస్సయులకు రాసిన పత్రికలో, ఏం చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయండి అన్న మాట, 3:23, వర్క్‌బుక్‌లో దాదాపు ప్రతి వారం పేజీ పైన ఉంది. ఎంతో గొప్ప మాట, నేనూ దాన్ని పట్టుకునే నెలాఖరులు దాటాను. కానీ పౌలు ఆ మాట అన్నది దాసులతో. రెండు వచనాలు దాటగానే 4:1లో యజమానుల వైపు తిరిగి, మీ దాసులకి న్యాయంగా, ధర్మంగా ఇవ్వండి, మీకూ పరలోకంలో ఒక యజమాని ఉన్నాడు అన్నాడు. ఆ వచనం 60 పేజీల్లో ఒక్కచోట కూడా లేదు, వెతికాను. మొదటిది పెట్టి రెండోది వదిలేస్తే, జీతం లేని ఓవర్‌టైమ్ చేయించుకునే వాళ్లకి బోర్డు మీద రాసుకోవడానికి ఒక వాక్యం దొరికినట్టే.

ఎనిమిదో వారం విశ్రాంతి. ఫోన్ పక్కన పెట్టండి, కుటుంబంతో గడపండి, బాగా నిద్రపోండి అన్నారు. బాగుంది గానీ ఆ ఆజ్ఞ చదివితే నీ దాసుడు, దాసి, నీ పశువు, నీ ఇంట్లో ఉన్న పరదేశి కూడా విశ్రాంతి తీసుకోవాలని ఉంది, ద్వితీయోపదేశకాండంలో అయితే నువ్వూ ఐగుప్తులో దాసుడివే గుర్తుంచుకో అని కారణం కూడా చెప్తారు. నేను సెలవు తీసుకుంటే నా పని ఎవరి నెత్తిన పడుతుందో అడగకుండా అది విశ్రాంతి దినం ఎలా అవుతుంది? (అన్నట్టు, హోమ్‌వర్క్ రిమైండర్లు మాకు వచ్చేది ఆదివారం రాత్రి పదకొండుకి.)

పదకొండు మందిలో ఒక అక్క ఉన్నారు, మంచాన పడ్డ మామగారిని చూసుకోవడమే ఆవిడకి రోజంతా పని. ఒక తమ్ముడికి ఉద్యోగం పోయి చాలా నెలలైంది. "మీ ఆఫీసులో" అని మొదలయ్యే ప్రతి ప్రశ్నకీ వీళ్లిద్దరూ మ్యూట్‌లోనే ఉండేవాళ్లు. లూథర్ 1522లో పెళ్లి గురించి రాసినప్పుడు, బిడ్డ గుడ్డలు ఉతికే తండ్రిని చూసి లోకం నవ్వొచ్చు గానీ దేవుడు, దూతలు సంతోషిస్తారన్నాడు. మూడో వారంలో అంత లూథర్ చెప్పినవాళ్లు ఈ ముక్క ఆ అక్కకి చెప్పొద్దూ? తమ్ముడైతే ఐదో వారం తర్వాత రాలేదు, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారులే అని అందరం అనుకున్నాం, నాతో సహా. రెండు వారాలయ్యాక చేశాను, మాట్లాడాడు.

సరే, ఎవరు చేరొచ్చు? ఉద్యోగం ఉండి, చర్చికి వెళ్తూ, ఈ రెండింటికీ మధ్య గోడ కట్టుకున్న నాలాంటివాళ్లు కళ్లు మూసుకుని చేరొచ్చు, మొదటి నాలుగు వారాలకే సమయం గిట్టుబాటు అవుతుంది. ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు, ఇంట్లో మనిషిని చూసుకుంటున్నవాళ్లు ఇప్పుడున్న రూపంలో అయితే ఆగండి, బాధ పెరుగుతుంది. చేరేవాళ్లు వర్క్‌బుక్ ప్రింట్ తీసుకోండి, ఫోన్‌లో నింపుదామనుకుంటే రెండో వారానికే వదిలేస్తారు. ఏడో వారం ప్రశ్న మాత్రం రాసి రెండు రోజుల ముందే పంపండి, లైవ్‌లో అడిగితే ప్రార్థనలోకి వెళ్లిపోతుంది.