ఆటుపోట్ల గడియారం: ఒంటి ముల్లు పనికొస్తుందా?

దీనికి ముల్లు ఒక్కటే. 12 గంటల 25 నిమిషాలకు ఒక చుట్టు; పైకొస్తే పోటు, కిందికొస్తే ఆటు. టైమ్ చూడబోతే తికమకే!

పౌర్ణమి లేదా అమావాస్య నాడు, మీ తీరంలో నీరు పూర్తిగా ఎక్కే వేళకు వెనక చక్రం తిప్పి ముల్లును నిలువుగా పెట్టాలి. అష్టమి దరిదాపుల్లో వద్దు. అప్పుడు సూర్యుడి ఆకర్షణ చంద్రుడి ప్రభావాన్ని కొంత తగ్గిస్తుంది. పోటు రోజుకు సగటున జరిగే 50 నిమిషాలు కాకుండా గంట దాటి ఆలస్యమవుతుంది. ఆ రోజుల్లో పెడితే ఆ తప్పు ముల్లులో అలాగే ఉండిపోతుంది.

మెక్సికో సింధుశాఖలో చాలాచోట్ల రోజుకు ఒకే పోటు. అక్కడ ఇది వట్టి గోడ అలంకారం. పడవ దించేవాళ్లు మాత్రం ఆటుపోట్ల వేళల పట్టికనే చూసుకోవాలి. గాలి తోసుకొచ్చే నీటి సంగతి ముల్లుకూ తెలియదు, పట్టికకూ తెలియదు.