గర్భిణికి ఎనాక్సాపారినా, మామూలు హెపారినా?

కాలి సిరలో రక్తం గడ్డకట్టిన ఇచ్ఛాపురం గర్భిణి శ్రీకాకుళం చేరాలంటే 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి కనుక, ఇంట్లోనే పొట్ట చర్మాన్ని రెండు వేళ్లతో మడతగా పట్టి రోజుకు ఒకటి రెండుసార్లు వేసుకోగల, రక్తం గడ్డకట్టడాన్ని అడ్డుకునే ఎనాక్సాపారిన్ సూదే నెలల తరబడి వాడకానికి మేలు. అదే పని చేసే మామూలు హెపారిన్‌ను చికిత్స మోతాదులో ఇస్తే, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే ఏపీటీటీ పరీక్ష పదేపదే చేయాలి. ఎముకలు బలహీనపడే ముప్పూ దానితోనే ఎక్కువ. రెండూ మాయను దాటి బిడ్డను చేరవు.

కాన్పు దగ్గరపడితే మాత్రం తూకం మారుతుంది. ఎనాక్సాపారిన్ చికిత్స మోతాదు తీసుకున్నాక వెన్నులో మత్తు ఇవ్వడానికి సాధారణంగా 24 గంటలు, నివారణ మోతాదైతే 12 గంటలు ఆగుతారు. సిరలోకి ఎక్కించే హెపారిన్ ఆపిన కొన్ని గంటల్లోనే దాని ప్రభావం తగ్గుతుంది. ప్రోటమిన్ దానికి పూర్తి విరుగుడు, ఎనాక్సాపారిన్‌కు కొంతవరకే. నొప్పులు మొదలైతే తర్వాతి సూది వేసుకోకుండా, ఆఖరి సూది ఏ గంటకు పడిందో రాసిన చీటీతో వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి.