జేసీబీకి, పొక్లెయిన్‌కి జీపీఎస్ పెట్టిస్తారా? మా సిక్కోలు సైట్లలో వాడి చెప్తున్నా

మా దగ్గర రెండు జేసీబీలు, ఒక 20 టన్నుల పొక్లెయిన్ ఉన్నాయి. నరసన్నపేట, టెక్కలి, పలాస చుట్టుపక్కల కాలవ పనులు, లేఅవుట్లు, గ్రానైట్ క్వారీల్లో పైమట్టి తీత, ఎక్కడ పని దొరికితే అక్కడికి పంపిస్తాం. మూడింటికీ బయట మార్కెట్లో దొరికే వైర్డ్ ట్రాకర్లు బిగించాం, ఒక వర్షాకాలం కూడా దాటింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నా. మెషిన్ ఎక్కడుందో చూడ్డానికి ఏ ట్రాకరైనా సరిపోతాది, కానీ మనకి డబ్బులొచ్చేది కిలోమీటర్లకి కాదు గంటలకి, ఆ గంటలు సరిగ్గా లెక్కపెట్టకపోతే ట్రాకర్ పెట్టడం దండగే.

బయట అమ్మేవి ఎక్కువ లారీల కోసం చేసినవి. లారీ కదిలితే పని, ఆగితే ఖాళీ. పొక్లెయిన్ అలా కాదు కదా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే గోతి పక్కన నిలబడి తవ్వుతాది, యాప్‌లో చూస్తే స్పీడు సున్నా, బండి ఆగి ఉంది అని ఎర్రగా చూపిస్తాది. అందుకే ఇంజన్ నడుస్తోందని ట్రాకర్‌కి చెప్పే సిగ్నల్ వైరు ఎక్కడినుంచి తీసుకున్నారు అన్నదే అసలు విషయం. మాకు మొదట బిగించిన కుర్రోడు ఆ వైరు తాళం దగ్గర కలిపేసి ఎల్లిపోయాడు, ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచి ఆపరేటర్ అన్నం తిన్నా అదీ పని గంటే అయిపోయేది. తర్వాత టెక్కలిలో మా ఆటో ఎలక్ట్రీషియన్‌తో బ్యాటరీ చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైరుకి మార్పించాం, ఇంజన్ తిరిగితేనే ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇస్తాది కాబట్టి అప్పట్నుంచి యాప్ గంటలూ మెషిన్ మీదున్న హవర్ మీటరూ దగ్గరదగ్గరగా కలుస్తున్నాయి. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ రిపోర్టు సైట్ ఇంజనీర్‌కి వాట్సాప్ చేసేస్తాం, బిల్లు రోజున "అన్ని గంటలు ఎక్కడ చేశారు" అనే గొడవ బాగా తగ్గిపోయింది.

ఇంజన్ ఊరికే తిరుగుతోందా, బకెట్ నిజంగా పని చేస్తోందా అన్నది మాత్రం ఇవి చెప్పలేవు. అది కావాలంటే మెషిన్‌తో పాటు కంపెనీ ఇచ్చే ట్రాకరే బెటర్, జేసీబీకి లైవ్‌లింక్ ఉంది, కొమాట్సు వాళ్ళది కొమ్‌ట్రాక్స్, జపాన్‌లో 2001 నుంచే మెషిన్‌తో పాటు ఇస్తున్నారు. అక్కడ దొంగలు పొక్లెయిన్లు ఎత్తుకెళ్ళి ఏటీఎంలు పెకలించేవాళ్ళంట, అలా మొదలైంది ఆ కథ. కొత్త మెషిన్ కొనేవాళ్ళు షోరూంలోనే ఆ లాగిన్ అడిగి తీసుకోండి, చాలామంది అది ఉందని తెలీకే వదిలేస్తున్నారు.

డీజిల్ సెన్సార్ ఒక్క పొక్లెయిన్‌కే పెట్టాం. ట్యాంక్‌కి బెజ్జం చేసి డీజిల్ మట్టం కొలిచే రాడ్ దించుతారు, తర్వాత ట్యాంక్ ఖాళీ చేసి కొలిచి కొంచెం కొంచెంగా పోస్తూ సెట్ చేయాలి, బేగి అయిపోవాలని ఈ పని ఎగ్గొడితే లీటర్లన్నీ కాకిలెక్కలే. మెషిన్ వాలు మీదుంటే డీజిల్ ఒక పక్కకి పోయి యాప్‌లో మట్టం చూపించే గీత ఊగిపోతాది, దాన్ని చూసి ఎవర్నీ అనుమానించకండి. ఇంజన్ ఆగి ఉండగా గీత ఒక్కసారిగా కిందికి పడితేనే అడగాలి.

మందస వైపు మహేంద్రగిరి కింద ఊళ్ళలో సిగ్నల్ ఉండదు, అయినా ట్రాకర్ డబ్బా లెక్కలన్నీ లోపల దాచుకుని టవర్ దొరికాక మొత్తం ఒకేసారి పంపిస్తాది, గంటలు పోవు. ఇది బాగా నచ్చింది. మూలపేట పోర్టు వైపు పనికెళ్ళినప్పుడు ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చగా పట్టేశాయి, సముద్రం పక్క పనైతే ముందే గ్రీజు రాసి టేపు గట్టిగా చుట్టించండి. పాతపట్నం దాటితే అలర్ట్ వచ్చేలా యాప్ మ్యాప్‌లో సరిహద్దు గీసి పెట్టాం, ట్రైలర్ మీద పర్లాకిమిడి పంపినప్పుడు ఇంజన్ ఆగి ఉన్నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఫోన్‌లోంచి ఇంజన్ ఆపేసే రిలే (స్విచ్చు లాంటిది) కూడా అమ్ముతారు, దయచేసి నడుస్తున్న ఇంజన్ ఆగిపోయేలా పెట్టించకండి, బూమ్ (బకెట్ ఉండే పెద్ద చెయ్యి) పైకెత్తి ఉన్నప్పుడో గట్టు మీదున్నప్పుడో ఆగితే మనిషి ప్రాణం మీదకొస్తాది. మళ్ళీ స్టార్ట్ అవ్వకుండా ఉంటే చాలు.

బిగించే ముందు ఆపరేటర్లకి చెప్పి తీరాలి. మా పెద్దాయన "ఏటి బాబూ, మా మీద నమ్మకం లేదేటి" అనేశాడు. "నీ మీద కాదు మావా, బిల్లులో గంటలు కోసేవాళ్ళ మీద" అని యాప్ ఆయన ఫోన్‌లో కూడా వేసిచ్చాం. ఇప్పుడు 8 గంటలు దాటిన ప్రతి గంటకీ బత్తా దాంట్లో చూసే ఇస్తున్నాం, ఆయనే రోజూ లెక్క చెప్తాడు.

5కి 3.5 ఇస్తా. తగ్గించింది సర్వీసుకే, ఫోన్ చేస్తే టికెట్ నంబర్ ఇస్తారు గానీ వైజాగ్ దాటి ఇటు మనిషి రాడు. సిమ్ రీచార్జి, సర్వర్ ఫీజు ఏడాదికోసారి కట్టాలి, రెండో ఏడాది ఎంతో కొనేముందే కాగితం మీద రాయించుకోండి.