కుళాయి మీద ‘సి’ అక్షరం

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడి దగ్గర వారం రోజులు ఉండి, అమ్మను తీసుకుని రైల్లో ఇటలీ బయలుదేరాను. ఆ వారంలో అమ్మ నేర్చుకున్న నాలుగు జర్మన్ మాటల్లో ‘కాల్ట్’ ఒకటి. చల్లన అని అర్థం.

బ్రెన్నర్ కనుమ దాటి నాలుగు గంటల్లో బోల్జానో చేరాం. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియాలో ఉన్న ఊరు. అందుకే బోర్డులన్నీ ఇటాలియన్‌లోనూ జర్మన్‌లోనూ ఉంటాయి. మా బసలో కుళాయి పక్కన కూడా ‘ఫ్రెద్దో, కాల్ట్’ అని రెండూ రాశారు. గది ఇరుకే అయినా అద్దంలా ఉంది. బస్సులు, రెనన్ కొండ మీదికి వెళ్లే రోప్‌వే ఉచితంగా ఎక్కడానికి బసవాళ్లే కార్డు ఇచ్చారు. గది మాట్లాడుకునేటప్పుడే ఆ కార్డు ఇస్తారా అని అడగండి.

వెరోనాలో బసకు అద్దె ఎక్కువ. రోమన్ల కాలపు బహిరంగ రంగశాల అరీనా నాలుగడుగుల దూరం, అంతే దాని గొప్ప. పాత ఇత్తడి కుళాయిల పింగాణీ బిళ్లల మీద ఒకదానికి ‘సి’, ఇంకోదానికి ‘ఎఫ్’. సి అంటే కోల్డ్, కాల్ట్ అనుకుని అమ్మ ధైర్యంగా తిప్పింది. పొగలు కక్కే నీళ్లు పడి వేళ్లు ఎర్రగా కమిలాయి. ఇటాలియన్‌లో ‘కాల్డో’ అంటే వేడి! గదిలో ఒక్క హెచ్చరిక కాగితమైనా అంటించలేదన్న కోపం నాకింకా పోలేదు.

కాల్డో లాటిన్ ‘కాలిదుస్’ నుంచి వచ్చింది. కాల్ట్, కోల్డ్‌ల పుట్టుక వేరు. మంచు అనే అర్థమున్న లాటిన్ ‘గెలు’ది, వాటిది ఒకే మూలం. అంటే ఇటలీలో కాల్ట్‌కు చుట్టం కాల్డో కాదు, అక్కడి ఐస్‌క్రీం జెలాటో. ఆ సాయంత్రం అమ్మ జెలాటో కప్పును కమిలిన వేళ్లకు ఆనించుకుని, కరిగేదాకా అలాగే కూర్చుంది.

చివరి మజిలీ లిస్బన్. భోజనశాల పట్టికలో ‘కాల్దో వెర్దే’ అని చూడగానే అమ్మ ముఖం మారింది. అదే లాటిన్ మాట స్పానిష్, పోర్చుగీసు భాషల్లో చారుకు పేరైంది. బంగాళాదుంపల చారులో సన్నగా తరిగిన ఆకుకూర, పైన పందిమాంసం సాసేజ్ ముక్క. శాకాహారులు ఆ ముక్క తీయించి ఊరుకోకూడదు. కొన్నిచోట్ల చారులోనే దాన్ని ఉడికిస్తారు. మొదటి చోట ఉడికిస్తామన్నారు, లేచి వచ్చేశాం. రెండో చోట మాకోసం మాంసం లేకుండా చేసిచ్చారు. అమ్మ ఊదుకుంటూ తాగి ఇంకో గిన్నె అడిగింది.