స్టిచ్ చేయాలా, బౌండరీ ఫిల్ వాడాలా?

ఆటోడెస్క్ వారి 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫ్యూజన్‌లో విడివిడి సర్ఫేస్‌లను (మందం లేని ఉపరితలాలను) సాలిడ్‌గా (లోపల నిండుగా ఉండే వస్తువుగా) మార్చాలంటే ఎక్కువమంది చేయి ముందు స్టిచ్ (అంచులను కలిపి కుట్టే టూల్) మీదికే పోతుంది. అంచులు ఒకదానికొకటి సరిగ్గా తాకుతుంటే అదే మంచి దారి. సెలెక్ట్ చేయగానే కలిసే అంచులు ఆకుపచ్చగా, కలవనివి ఎర్రగా కనిపిస్తాయి. ఎక్కడా ఎరుపు లేకపోతే ఓకే కొట్టగానే సాలిడ్ తయారు. సన్నటి సందులుంటే టాలరెన్స్ (ఎంత సందు వరకు కలిసినట్టే లెక్కించాలనే హద్దు) పెంచి కలపొచ్చు, కానీ దయచేసి మరీ పెంచకండి. సందు నిజంగా పూడదు, పూడినట్టు లెక్కలోకి వస్తుందంతే. తర్వాత ఫిల్లెట్ (అంచును గుండ్రం చేయడం), షెల్ (లోపల తొలిచి గుల్ల చేయడం) వేసేటప్పుడు అక్కడే మొరాయించే ప్రమాదం ఉంది. సందున్న ఆ ఒక్క సర్ఫేస్ ముక్కను మళ్లీ గీయడమే మేలు.

సర్ఫేస్‌లు ఒకదాన్నొకటి దాటి బయటికి పొడుచుకొస్తుంటే మాత్రం, స్టిచ్‌కు ముందు ఒక్కోదాన్నీ ట్రిమ్ చేసుకోవాలి. బౌండరీ ఫిల్‌కు ఆ బాధ లేదు. సర్ఫేస్‌లు, ప్లేన్లు, వేరే సాలిడ్‌లు ఏవి ఇచ్చినా వాటి మధ్య మూసుకున్న చోటును సెల్స్‌గా (విడివిడి గదులుగా) చూపిస్తుంది. కావాల్సినదానికి టిక్ పెడితే చాలు. సీసా లోపల పట్టే ద్రవం ఆకారం కావాలంటే, మూతి దగ్గర ఒక ప్లేన్ పెట్టి నేను ఇదే వాడతాను. అయితే ఎక్కడైనా సందు మిగిలితే సెల్ అసలు ఏర్పడదు. అదెక్కడుందో సెక్షన్ అనాలిసిస్ (మోడల్‌ను కోసినట్టు లోపలిది చూపే టూల్) పెట్టి మనమే వెతుక్కోవాలి.